యాంజియోగ్రాం బల్ల మీద మనిషి ఉండగానే స్టెంటుకు సంతకం అడగడం సబబేనా?

మారతహళ్ళి మనిషి:
గత నెల బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా నాన్నగారికి యాంజియోగ్రాం చేయించాము. గుండెపోటు ఏదీ రాలేదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని ఆరు నెలలుగా అంటున్నారు. మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి చూస్తామని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళవచ్చని చెప్పారు. ఇరవై నిమిషాలకు నన్ను లోపలికి పిలిచి, తెర మీద సన్నబడిన రక్తనాళం చూపించి, దాన్ని తెరిచి ఉంచే స్టెంటు ఇప్పుడే వేయమంటారా అని అడిగారు. సంతకం పెట్టాను. ఆ క్షణంలో వద్దనగలిగిన కొడుకు ఎవరైనా ఉంటాడా?

పాత గుమస్తా:
ముందు బిల్లు చూడండి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి పెట్టింది. మందుపూత ఉన్నదానికి అప్పుడు రూ. 29,600, ఆ తరువాత మారుతూ వచ్చింది. స్టెంటు ధరను కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సహా బిల్లులో విడిగా చూపాలి. క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రాం చేసి, స్టెంటు వేసే గది) చార్జీలకు, డాక్టరు ఫీజుకు ఆ పరిమితి లేదు కనుక అసలు భారం అక్కడే పడుతుంది.

మారతహళ్ళి మనిషి:
నేను డబ్బు గురించి అడగలేదండీ.

హోసూరు రోడ్డు కోడలు:
అదే విడతలో వేస్తే రెండోసారి సూది గుచ్చనక్కరలేదు, మూత్రపిండాలకు భారమయ్యే రంగుమందు మళ్ళీ మొదటినుంచీ ఎక్కించనక్కరలేదు. ఇందులో మోసమేముంది?

పాత గుమస్తా:
మోసమని నేననలేదు. విడి బిల్లు ఇచ్చారా లేదా అన్నదే నా ప్రశ్న, దానికి ఇంతవరకు జవాబు రాలేదు.

మారతహళ్ళి మనిషి:
2020లో వెలువడిన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం ప్రకారం, గుండెజబ్బు నిలకడగా ఉన్న రోగులలో ముందుగా స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా మరణాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీనొప్పి మాత్రం ముందే ఆ చికిత్స చేసినవారికి ఎక్కువగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమని బాగా మూసుకుపోయినవారిని అందులో చేర్చుకోలేదు. ఇదంతా ఆలోచించుకోవడానికి మాకు ఒక్క రాత్రి దొరికినా చాలేది.

హోసూరు రోడ్డు కోడలు:
ఒక్క రాత్రి అంటున్నారు! మా మామగారిని గుండెపోటుతో తీసుకువెళ్ళినప్పుడు, ఇంకో డాక్టరును అడుగుదామంటూ మా బావగారు గంటన్నర గడిపారు. ఆయన మాకు దక్కలేదు. అధ్యయనాలు చదివే కొడుకులంటే నాకు అందుకే భయం.

మారతహళ్ళి మనిషి:
క్షమించండి. కానీ గుండెపోటు వేరు, ముందుగా తేదీ తీసుకుని వెళ్ళే పరీక్ష వేరు. మీ ఇంటి దుఃఖంతో నా ప్రశ్న నోరు మూయించకండి.

బల్ల మీది మనిషి:
ఇద్దరూ కోపగించుకోకుండా వినండి. ఈ మధ్యనే ఆ బల్ల మీద పడుకున్న అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి నేను. మణికట్టుకు మాత్రమే మత్తు ఇచ్చారు; స్పృహ ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి. అయినా నన్ను దాటి వెళ్ళి మా అబ్బాయిని అడిగారు. కొడుకుకు ఎంత సమయం ఇవ్వాలని మీరు వాదిస్తున్నారు గానీ, గుండె ఎవరిదో ఒక్కరూ అనలేదు.

హోసూరు రోడ్డు కోడలు:
ఆ స్థితిలో పెద్దవారిని అడిగి కంగారు పెట్టడం ఎందుకండీ? బరువు మోసేది పిల్లలే కదా.

బల్ల మీది మనిషి:
బరువు మీరు మోయండి, అమ్మా. సంతకం మాత్రం నాది. స్టెంటు వేయవలసి రావచ్చని, వస్తే నా ఇష్టమేమిటని ముందు రోజే నన్ను అడిగి ఉంటే, మా అబ్బాయికీ ఆ చెమటలు తప్పేవి.

మారతహళ్ళి మనిషి:
మీ మాట చదివాక ఇప్పుడే నాన్నగారిని అడిగాను. స్టెంటు వేసినందుకు ఆయనకు కోపం లేదు. కానీ నాలుగు రోజులుగా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర మానేశారట. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందట. స్టెంటు వేశారు కదా, ఇంక మాత్రలెందుకు అన్నారు. డిశ్చార్జి రోజున ఆ మాత్ర సంగతంతా నర్సు నాకే వివరించింది, ఆయనకు చెప్పాలని నాకూ తోచలేదు.

పాత గుమస్తా:
స్టెంటు వేసిన మొదటి నెలల్లో ఆ మాత్ర ఆపితే లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. తెల్లవారేదాకా ఆగకండి, ఈ రాత్రే ఆ కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. ఫోన్ నాన్నగారి చేతికే ఇవ్వండి. బిల్లు సంగతి రేపు చూద్దాం.