రాగి తీగను మనంతట మనమే వదులుకోవాలా? ఇంటి ఫోనును ఇంటర్నెట్‌కు మార్చడంపై చర్చ

మిణుగురు

మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. వినికిడి కొంత తగ్గింది. సెల్‌ఫోను తెర మీద వేలితో తడిమి నంబరు కలపడం ఆమెకు కుదరదు. పాత ల్యాండ్‌లైనే ఆమెకు ఆధారం. ఈమధ్య ఫోను కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రాగి లైన్లను క్రమంగా తీసేస్తారట, ఇప్పుడే ఇంటర్నెట్ ఫోనుకు మారితే నెల అద్దె తగ్గుతుందట. అన్నయ్య మారిపోదామంటున్నాడు. నేను ససేమిరా అంటున్నాను.

రాగి లైనుకు కావలసిన కరెంటు ఆ తీగలోనే వస్తుంది. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఇంటిదాకా చేరుతుంది. ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయినా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ ఉంటుంది. ఇంటర్నెట్ ఫోను అలా కాదు. ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగ వచ్చి చేరే ఫైబర్ పెట్టె, రౌటర్, ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే అడాప్టర్, అన్నిటికీ గోడ ప్లగ్గే దిక్కు. కరెంటు పోయిన మరుక్షణం ఫోను మూగబోతుంది. గాలివాన రాత్రి, చీకట్లో కాలు జారి పడ్డప్పుడు, మనిషికి ఫోను కావలసింది అప్పుడే కదా! తప్పనిసరి అయ్యేదాకా రాగిని వదలకూడదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

తూనీగ

నేను కాదంటున్నాను. ముందు ఒక ప్రశ్న. అమ్మగారి ఫోను తీగ ఉన్నదా, కార్డ్‌లెస్సా? కార్డ్‌లెస్ అయితే దాని పీఠం గోడ ప్లగ్గు మీదే నడుస్తుంది. ఎక్స్ఛేంజీ నుంచి ఎన్ని వోల్టులు వచ్చినా కరెంటు పోతే అది పలకదు. రాగి గొప్పతనం గురించి మాట్లాడే ఇళ్లలో చాలావాటికి ఆ రక్షణ చేజారి ఏళ్లు గడిచాయి, వాళ్లు గమనించలేదు.

రెండో సంగతి. రాగి లైను ఇప్పుడు మనం గుర్తుపెట్టుకున్న రాగి లైను కాదు. జాయింట్లలో తేమ చేరుతుంది, తీగ తుప్పు పడుతుంది, వాన పడితే గరగర మొదలవుతుంది. పాత ఎక్స్ఛేంజీ యంత్రాలకు విడిభాగాలు తయారుచేసేవాళ్లు తగ్గిపోయారు, వాటిని బాగుచేయడం తెలిసినవాళ్లు ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఒకసారి చెడితే ఎన్నాళ్లకు బాగవుతుందో చెప్పలేని లైనును నమ్మకానికి మారుపేరుగా చూపడం సరికాదు.

వినికిడి తగ్గిందన్నారు కాబట్టి ఇది ముఖ్యం. పాత లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) వరకు ఉన్న ధ్వనినే మోస్తుంది. స, ఫ లాంటి ధ్వనుల్లోని గరుకుదనం చాలావరకు ఆ పై హద్దు దాటి ఉంటుంది. ఇంటర్నెట్ ఫోనులో రెండు వైపులా విశాల ధ్వని సౌకర్యం ఉంటే 50 నుంచి 7,000 హెర్ట్జ్ వరకు వెళుతుంది. మాట స్పష్టంగా తెలుస్తుంది. మళ్లీ చెప్పమని అడగవలసిన అవసరం తగ్గుతుంది. అది పెద్దవాళ్లకు చిన్న ఊరట కాదు.

ఏటిగట్టు

అసలు ల్యాండ్‌లైన్ ఎందుకు? పెద్ద మీటలున్న సెల్‌ఫోను ఒకటి కొనిచ్చేస్తే ఈ చర్చే ఉండదు.

మిణుగురు

తూనీగ గారూ, అమ్మది తీగ ఉన్న ఫోనే. అందుకే నా భయం.

ఏటిగట్టు గారూ, సెల్‌ఫోను ఇచ్చి చూశాం. ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతుంది, ఏ గదిలో ఉంచిందో వెతుక్కోవాలి, ఇంటి లోపలి గదుల్లో సిగ్నల్ అందదు. గోడ పక్కన ఎప్పుడూ ఒకే చోట ఉండే ఫోను ఆమె చేతికి అలవాటు. కళ్లు మూసుకుని కూడా అక్కడికి వెళ్లగలదు. ఆ అలవాటును తేలిగ్గా తీసుకోకండి.

లెక్కల మాస్టారు

ఈ చర్చలో కొన్ని అంకెలు అవసరం.

ఇంటర్నెట్ వేగం చాలదేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. దానికి ఆధారం లేదు. పాత పద్ధతి నాణ్యతతో మాటను అంకెలుగా మార్చే జీ.711 విధానంలో సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 8 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. మాట చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళుతుంది, వాటి పైన చిరునామా వివరాలు కలిపితే ఒక్కో దిశకు 80 నుంచి 90 కిలోబిట్లు. ఈనాటి ఏ బ్రాడ్‌బ్యాండుకైనా అది లెక్కలోకి రాదు.

చెడేది వేగం వల్ల కాదు, ఆలస్యం వల్ల. మాట ఒక వైపు నుంచి మరో వైపుకు 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికం ప్రమాణం చెబుతుంది. అది దాటే కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. ఇంట్లో ఎవరైనా పెద్ద వీడియోను పైకి పంపుతుంటే మాటల ప్యాకెట్లు వాటి వెనక వరుసలో నిలబడిపోతాయి. రౌటర్‌లో ఫోనుకు ప్రాధాన్యం ఇచ్చే అమరిక ఉంటే పెట్టించండి. అమ్మగారు ఒక్కరే ఉండే ఇంట్లో ఈ బెడద ఎలాగూ తక్కువ.

ఇక బ్యాటరీ. కరెంటు పోతే రౌటర్లను నడిపేందుకు అమ్మే చిన్న యూపీఎస్‌ల మీద 8,800 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) లాంటి అంకె ఉంటుంది. దాన్ని 12 వోల్టులతో గుణించి 105 వాట్-గంటలు అనుకుంటే మోసపోతారు. ఆ అంకె సాధారణంగా లోపలి బ్యాటరీ సెల్‌కు సంబంధించింది, దాని వోల్టేజీ 3.7. గుణిస్తే వచ్చేది దాదాపు 32 వాట్-గంటలు. ఫైబర్ పెట్టె, రౌటర్, అడాప్టర్ కలిసి 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే రెండు గంటలు. మార్పిడిలో పోయే నష్టం తీసేస్తే ఇంకా తక్కువ. రాత్రంతా కరెంటు ఉండకపోతే ఇది చాలదు, పెద్దది కావాలి.

ఇంకొకటి కూడా అడగాలి. మీ ఇంటికి వచ్చేది పూర్తి ఫైబరా, లేక వీధిలోని పెట్టె దాకా ఫైబర్ వచ్చి అక్కడి నుంచి రాగి తీగా? పూర్తి ఫైబర్ అయితే సాధారణంగా దారిలో ఉండేవి కాంతిని పంచే గాజు భాగాలే, వాటికి కరెంటు అక్కరలేదు. వీధి పెట్టె అయితే దానికి కరెంటు కావాలి. అది ఆగిపోతే మీ ఇంట్లో ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా లాభం లేదు.

చుక్కాని

మిణుగురు గారి వైపే నేను. మారమని చెప్పేవాళ్లు బ్రిటన్‌లో జరిగింది తెలుసుకోవాలి. అక్కడ పాత ఫోను వ్యవస్థను 2025 డిసెంబరుకల్లా ఆపేయాలని పరిశ్రమ నిర్ణయించుకుంది. వృద్ధులు, రోగులు మెడలోనో మణికట్టుకో వేసుకునే అత్యవసర బటన్లు కొన్ని ఇళ్లలో మార్పిడి తర్వాత పనిచేయలేదు, తీవ్రమైన ఘటనలు జరిగాయి. దాంతో 2023 డిసెంబరులో బలవంతపు మార్పిళ్లను ఆపారు. గడువు 2027 జనవరి చివరికి జరిగింది. అంత అనుభవమున్న దేశంలోనే అలా అయితే, ఒక ఉత్తరం ముక్క చూసి మనం తొందరపడాలా?

ఆ బటన్లు ఎందుకు విఫలమవుతాయో తెలుసుకోవడం మంచిది. బటన్ నొక్కితే ఇంట్లోని పెట్టె సహాయ కేంద్రానికి ఫోను కలిపి, తానెవరో శబ్ద సంకేతాలతో చెబుతుంది. మనుషుల మాటలో ఒక అక్షరం జారిపోయినా చెవి పూరించుకుంటుంది. యంత్రం పూరించుకోలేదు. ఒక్క ప్యాకెట్ పోయినా సంకేతం చెడి, అవతలి యంత్రం దాన్ని గుర్తించకపోవచ్చు. పాత దొంగల అలారాలు, ఫ్యాక్స్ యంత్రాలు కూడా ఇదే కోవ. ఫ్యాక్స్‌కు టీ.38 అనే విడి పద్ధతి పెట్టవలసి వచ్చింది కూడా ఇందుకే.

తూనీగ

చుక్కాని గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ అది నా వాదనకే బలం. ఆ విపత్తు మారడం వల్ల రాలేదు, పరీక్షించకుండా మార్చడం వల్ల వచ్చింది. చివరి గడువు దాకా ఆగేవాళ్లకు దొరికేది అదే. సాంకేతిక నిపుణుడు తలుపు తట్టి, పాత లైను తీసేసి, కొత్త పెట్టె బిగించి, తర్వాతి ఇంటికి వెళ్లిపోతాడు. ఈరోజు మీకు వ్యవధి ఉంది. కంపెనీ ఒప్పుకుంటే తాత్కాలిక నంబరుతో కొత్త సేవ పెట్టించుకుని, రాగి లైను ఉండగానే దాన్ని అన్ని రకాలుగా పరీక్షించవచ్చు. రాగిని పట్టుకుని కూర్చుంటే ఈ వ్యవధే పోతుంది. భద్రత కోసం ఆగుతున్నామనుకుని, భద్రంగా మారే అవకాశాన్నే పోగొట్టుకుంటారు.

వానకోయిల

ఇంతమంది మాట్లాడుతున్నారు. అమ్మగారిని ఎవరైనా అడిగారా?

మిణుగురు

అడిగాను, వానకోయిల గారూ. రెండే కోరింది. నంబరు మారకూడదు, ఎందుకంటే బంధువులందరి పుస్తకాల్లోనూ అదే ఉంది. చేతిలోని ఫోను మారకూడదు. తీగలో ఏం పారుతుందన్నది తనకు పట్టదంది.

కొలనుగట్టు

ఆ రెండూ సాధ్యమే, కానీ జాగ్రత్త కావాలి.

నంబరు బదిలీ పూర్తయ్యేదాకా పాత కనెక్షన్‌ను మీరు రద్దు చేయమని అడగకండి. ముందే రద్దయితే నంబరు తిరిగి కంపెనీ ఖాతాలోకి పోతుంది, వెనక్కి రాకపోవచ్చు. వేరే కంపెనీకి మారితే ఆ కొత్త కంపెనీయే బదిలీ కోరాలి, అది ముగిశాక పాత లైను దానంతటదే ఆగుతుంది. పేరు, చిరునామా రెండు కంపెనీల దగ్గరా అక్షరం తేడా లేకుండా ఉండాలి. బదిలీలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

పాత ఫోనును అడాప్టర్ వెనకున్న రంధ్రంలో పెడితే మామూలుగా పనిచేస్తుంది. అది వేలితో చక్రం తిప్పే రకమైతే మాత్రం ముందే అడగండి. చాలా అడాప్టర్లు మీటల శబ్దాన్నే అర్థం చేసుకుంటాయి, చక్రం లైనును ఎన్నిసార్లు తెంపి కలిపిందో లెక్కించలేవు.

దొంగల సంగతి కూడా. ఇంటర్నెట్ ఫోను ఖాతాకు రహస్యపదం ఉంటుంది. అది బలహీనంగా ఉంటే ఎవరో పట్టుకుని, మీ ఖాతా మీద రాత్రికి రాత్రి విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మీ నెత్తిన పెడతారు. అమ్మగారికి విదేశీ కాల్స్ అవసరం లేకపోతే వాటిని మూసేయమని చెప్పండి.

చుక్కాని

తూనీగ గారి మాటలో బలం ఉంది, ఒప్పుకుంటాను. నా ఆగ్రహం వేరే చోట ఉంది. రాగి కాలంలో ఫోను బతికి ఉండేలా చూసే బాధ్యత కంపెనీది. బ్యాటరీలు వాళ్లవి, జనరేటర్లు వాళ్లవి, వాటిని చూసుకునే మనుషులూ వాళ్లే. ఇప్పుడు ఆ బాధ్యతంతా నోరెత్తకుండా మన గడప లోపలికి వచ్చి కూర్చుంది. అమెరికాలో 2015లో వచ్చి 2025లో గడువు తీరిన నిబంధన ఏమన్నదంటే, కంపెనీ 8 గంటల అదనపు విద్యుత్తు ఏర్పాటును వినియోగదారుడికి అమ్మజూపాలి. అమ్మజూపాలి, ఇవ్వనక్కరలేదు. బ్రిటన్ నియంత్రణ సంస్థ కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే వీలు కల్పించాలంది, అదీ ల్యాండ్‌లైను మీదే ఆధారపడేవాళ్లకు. గంట! రాత్రి పదింటికి కరెంటు పోతే పదకొండు తర్వాత ఆ ముసలామె ఏం చేయాలి?

బ్యాటరీ కొన్నేళ్లకు చచ్చిపోతుంది. పైకి ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. లోపల ప్రాణం లేదని తెలిసేది కరెంటు పోయాకే. దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎవరు మారుస్తారు? ఉత్తరంలో రాశారా? రాయరు.

తూనీగ

ఈ విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు బ్యాటరీ కంపెనీ ఖర్చుతోనే రావాలి. కానీ ఆ పోరాటం గెలిచేదాకా మిణుగురు గారి అమ్మ తుప్పుపట్టిన తీగ మీద ఆధారపడి ఉండాలనడం న్యాయం కాదు.

లెక్కల మాస్టారు

అత్యవసర చిరునామా గురించి ఎవరూ అనలేదు. రాగి లైను ఒక ఇంటికి కట్టేసి ఉంటుంది కాబట్టి అత్యవసర కేంద్రానికి ఏ ఇంటి నుంచి పిలుపో తెలుస్తుంది. ఇంటర్నెట్ నంబరును ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, అందుకే అది ఖాతాలో నమోదైన చిరునామానే చూపిస్తుంది. అమెరికాలో 2005లోనే నియంత్రణ సంస్థ ఇంటర్నెట్ ఫోను కంపెనీలు వినియోగదారుల చిరునామా తీసుకుని అత్యవసర కాల్స్‌ను సరైన కేంద్రానికి చేర్చాలని ఆదేశించింది. ఖాతా అన్నయ్య పేరున తీసుకుంటే ఆయన ఇంటి చిరునామాయే నమోదై, సహాయం అక్కడికి వెళ్లే ప్రమాదం ఉంది.

మిణుగురు

ఖాతా అన్నయ్య పేరుతోనే తీసుకోవాలనుకున్నాం. ఈ మాట చెప్పినందుకు ఎంతో కృతజ్ఞతలు, మాస్టారూ.

నా నిర్ణయం ఇదీ. రాగి లైను ఉంచి, పక్కనే కొత్తది పెట్టించమని కంపెనీని అడుగుతాను. కుదరదంటే మారను. ఇచ్చే బ్యాటరీ ఎన్ని గంటలు నడుస్తుందో, చెడితే ఎవరు మారుస్తారో రాతపూర్వకంగా కావాలంటాను. నోటిమాట చాలదు.

చుక్కాని

పక్కపక్కన పెట్టుకోనిస్తే ఒక పని చేయండి. అమ్మగారి పక్కన మీరు ఉన్న సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి, కొత్త ఫోను నుంచి అన్నయ్యకు ఆమెనే కాల్ చేయమనండి. ఫోను పూర్తిగా ఆగిపోయేదాకా అప్పుడప్పుడూ మళ్లీ చేయించి, ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. అత్యవసర నంబరుకు మాత్రం పరీక్ష కోసం కాల్ చేయకండి, అక్కడ నిజమైన పిలుపులు ఎదురుచూస్తుంటాయి. నమోదైన చిరునామా ఏదో కంపెనీని అడిగి చదివించుకోండి. అత్యవసర బటన్ ఉంటే దాన్ని తయారుచేసినవాళ్లకు ముందే చెప్పి, వాళ్లు లైనులో ఉండగా నొక్కి చూడండి.