12 లక్షల దాకా పన్ను లేదు సరే, రిటైరైనవాళ్లకు న్యాయం జరిగినట్టేనా?

ఆర్టీనగర్_రావు
మా పార్కులో రోజూ ఇదే గొడవ, అందుకని ఇక్కడ పెడుతున్నాను. 2025 బడ్జెట్ తర్వాత ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. పెన్షనర్లకు ఆదాయంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షలు. సీనియర్ల బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసుకునే పన్ను) పరిమితి 50,000 నుంచి లక్షకు పెంచారు. మనం సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఇన్ని చేశాక కూడా వాట్సాప్‌లో ఈ ఏడుపులెందుకో నాకు అర్థం కావడం లేదు.

పీణ్య_పాతకాపు
ఆ 12.75 మీకండీ రావుగారూ. నాకు 12 మాత్రమే. స్టాండర్డ్ డిడక్షన్ జీతానికీ పెన్షన్‌కీ వర్తిస్తుంది, ఎఫ్‌డీ వడ్డీకి వర్తించదు. ప్రైవేటులో చేసి, చేతికొచ్చిన పీఎఫ్ బ్యాంకులో వేసుకుని వడ్డీతో బతికేవాడు రిటైరైనవాడు కాదా? పాత పద్ధతిలో 80టీటీబీ కింద వడ్డీలో 50,000 తగ్గేది, 80డీ కింద బీమాకు ఇంకో 50,000. కొత్తదాంట్లో రెండూ లేవు. వయసుకు విలువా లేదు. పాతదాంట్లో 60 దాటితే 3 లక్షలు, 80 దాటితే 5 లక్షలు మినహాయింపు. కొత్తదాంట్లో నిన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడికీ నాకూ ఒకటే 4 లక్షలు, ఆపైన 12 దాకా పన్ను మాఫీ అయ్యేది రిబేట్ వల్ల.

ఆర్టీనగర్_రావు
మీకు ఏడాదికి 12 లక్షల వడ్డీ వస్తోందా? రానప్పుడు 12 అయితేనేం, 12.75 అయితేనేం?

పీణ్య_పాతకాపు
వస్తోందా రావడం లేదా అన్నది కాదు ప్రశ్న. మీకున్న 75,000 నాకెందుకు లేదు? దానికి జవాబు చెప్పండి.

కోడ్_కూలీ
అంకుల్, 12 లక్షల వడ్డీ రావాలంటే ఎఫ్‌డీలో కోటిన్నర పైనే ఉండాలి. మారతహళ్లిలో ఈఎంఐ కట్టుకుంటూ ఇది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

ఫారం_పదహారు
ఒక జాగ్రత్త. షేర్లు, షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు అమ్మితే వచ్చే లాభానికి ఆ 12 లక్షల రిబేట్ వర్తించదు. దాని పన్ను దానిదే. అమ్మాయి పెళ్లికని ఫండ్లన్నీ ఒకేసారి అమ్మేసి తర్వాత నా దగ్గరకొచ్చి తిడుతున్నారు.

హోసూరురోడ్డు_అత్తయ్య
మా ఆయన పోయాక నాకొచ్చేది ఫ్యామిలీ పెన్షన్. దానికి 75,000 లేదు, 25,000 మాత్రమే తీస్తారు. ఆయన పోతే ఇంటి ఖర్చు మూడోవంతుకు దిగిపోతుందని ఎవరు లెక్క కట్టారో.

ఆర్టీనగర్_రావు
పాతకాపుగారూ, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్రైవేటువాళ్లు మాకంటే ఎక్కువ జీతాలు తీసుకున్నారు, దీపావళికి బోనస్‌లూ తీసుకున్నారు. అప్పుడు మేం వచ్చి మిమ్మల్ని అడిగామా? ఇప్పుడు మా పెన్షన్ చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంటే ఎలా?

పీణ్య_పాతకాపు
ఎక్కువ జీతమా! నేను పనిచేసింది లేత్ మెషిన్ మీదండీ, ఏసీ గదిలో కాదు. 2012లో రిటైరయ్యాను. ఈపీఎస్ అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ నెలకు 1,700 చిల్లర. ఆ రోజు ఎంతో ఈ రోజూ అంతే, రూపాయి పెరగలేదు, ఎందుకంటే దానికి డీఏ, అంటే కరువు భత్యం, లేదు. మీకు ఆరు నెలలకోసారి పెరుగుతుంది. 80 దాటితే ఇంకో 20 శాతం కలుస్తుంది. 2014 సెప్టెంబరులో మాకు కనీసం 1,000 అని ప్రకటించారు, అదే మహాభాగ్యమట. ఇప్పటి సూత్రం ప్రకారం 15,000 జీతం, 35 ఏళ్ల సర్వీసు పెట్టి 70తో భాగించినా వచ్చేది 7,500.

2022 నవంబరులో సుప్రీంకోర్టు ఎక్కువ పెన్షన్‌కి దారిచ్చిందని మా వాళ్లు స్వీట్లు పంచారు. తీరా చూస్తే పూర్తి జీతం మీద పెన్షన్ కావాలని ఆప్షన్ ఇవ్వకుండా 2014 సెప్టెంబరు 1కి ముందు రిటైరైనవాళ్లకు వర్తించదట. అసలు ఆప్షన్ అనేదొకటుందని మా కంపెనీలో ఒక్కడు చెబితే కదా!

రైల్లో రాయితీ 2020లో పోయింది. ప్రభుత్వాలు ఇచ్చినవాటిలో మా ఇంటికి తగిలింది కర్ణాటక శక్తి పథకం ఒక్కటే. మా ఆవిడ బస్సులో ఉచితంగా కూర్చుంటుంది, పక్కన నేను టికెట్ కొని నిలబడతాను. పన్ను సంగతి మీరు చూసుకోండి, నాకు పన్ను కట్టే యోగం కూడా లేదు.

నిర్వాహకుడు
పెద్దలు కాస్త శాంతించాలి. కళ్లు, నిప్పులు లాంటివి వద్దు.

ఆర్టీనగర్_రావు
పన్ను యోగం లేనివారు 75,000 కోసం ఇంతసేపు ఎందుకు వాదించారో! సరే, విషయానికి వస్తాను. నా పెన్షన్ ఎవరి దయా కాదు. పెన్షన్ అంటే చేసిన పనికి ఆలస్యంగా ఇచ్చే జీతమని నకారా కేసులో 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరనుకున్నట్టు ప్రభుత్వోద్యోగులందరికీ ఇది లేదు కూడా. మా అబ్బాయి 2008లో కేంద్ర సర్వీసులో చేరాడు. సైన్యం తప్ప, 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకు ఎన్‌పీఎస్, అంటే మార్కెట్లో పెట్టిన డబ్బును బట్టి వచ్చే పెన్షన్. 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ అనే ఇంకో పెన్షన్ పథకం అన్నారు, సగం జీతం పెన్షన్ రావాలంటే 25 ఏళ్లు చెయ్యాలి.

పీణ్య_పాతకాపు
మీది ఆలస్యపు జీతమైతే నాదేమిటి? యజమాని నా పేరు మీద కట్టిన 8.33 శాతం నా జీతం కాదా? మీ దానికి ధరలు పెరుగుతాయి, నా దానికి పెరగవా? నాకు కావలసింది 75,000 కాదండీ. మీకు హక్కు, నాకు ధర్మమా? అది చెప్పండి.

కోడ్_కూలీ
ఇద్దరికీ ఒకటే అడుగుతాను. జీతమే అయితే ఆ డబ్బు అప్పుడే పక్కన పెట్టి ఉండాలి కదా? రావుగారి పెన్షన్ ఈ ఏటి బడ్జెట్‌లోంచి వస్తోంది, అంటే మా పన్నుల్లోంచి. ఇప్పుడు పాతకాపు అంకుల్‌కి డీఏ కూడా అంటే అదీ మామీదే పడుతుంది. మరి మాకెవరిస్తారు?

ఆర్టీనగర్_రావు
మీ నాన్నగారి తరం కట్టిన పన్నులతో నువ్వు చదువుకున్నావు బాబూ.

కోడ్_కూలీ
ప్రైవేటు కాలేజీ సార్. నాన్న అప్పు చేసి చదివించాడు.

పీణ్య_పాతకాపు
కోడ్ బాబూ, నువ్వు ఉద్యోగంలో ఎప్పుడు చేరావు? 2014కి ముందైతే ఓసారి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. కంపెనీ వాటాలోంచి నెలకు 1,250 పక్కకు పోతుంటుంది. అదే ఈపీఎస్. నేను డీఏ అడుగుతున్నది దానికే.

కోడ్_కూలీ
2011లో చేరాను. చూశాను, 1,250 పోతోంది. మిగతా పీఎఫ్‌కి వడ్డీ పడుతోంది, దీనికి ఎక్కడా కనపడదేం?

ఫారం_పదహారు
దానికి వడ్డీ ఉండదు. సర్వీసు పదేళ్లు దాటితే ఆ డబ్బు వెనక్కీ తీసుకోలేరు, పెన్షన్‌గానే వస్తుంది.

కోడ్_కూలీ
నాది పదేళ్లు దాటి చాలా కాలమైంది.