రాజమండ్రి నుంచి శంషాబాద్ కనెక్షన్‌కి ఎన్ని గంటల గ్యాప్ పెట్టుకోవాలి?

మా అమ్మ (63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, వీల్‌చైర్ అడిగాం) వచ్చే నెల కాకినాడ నుంచి కువైట్ వెళ్లాలి. మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయం) మధ్యాహ్నం 2:40 విమానం, శంషాబాద్‌లో రాత్రి 9:50కి కువైట్ విమానం. రెండూ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు టికెట్లు. గ్యాప్ ఐదున్నర గంటలు పైనే కదా అని నిశ్చింతగా ఉన్నాం.

మొన్న మెసేజ్ వచ్చింది: మొదటి విమానం సాయంత్రం 6:25కి మార్చారట. అది 7:40కి దిగుతుంది. సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, కౌంటర్ గంట ముందే మూసేస్తారు. హైదరాబాద్‌లో అయితే ఇంకో విమానం చూసుకోవచ్చు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఉన్నవే కొద్ది విమానాలు, వాటిలో పొద్దున్నది నిండిపోయింది.

కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. డబ్బు వాపసు ఇస్తామన్నారు గానీ రెండో టికెట్‌తో తమకు సంబంధం లేదన్నారు. రాజమండ్రి నుంచి కువైట్‌కి ఒకే పీఎన్ఆర్ (ఒకే బుకింగ్) మీద వెతికితే ఏమీ దొరకలేదు. విశాఖ నుంచి దొరికింది, కానీ కారులో మూడు నాలుగు గంటలు అమ్మ కూర్చోలేదు. హైదరాబాద్ వెళ్లే రైలు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్త్ వెయిటింగ్ లిస్టులో ఉంది. పైగా దేశీయ టికెట్‌లో సామాను 15 కిలోలే, కువైట్‌ది 30.

ఇలా విడి టికెట్ల మీద రాజమండ్రి నుంచి వచ్చి అదే రోజు శంషాబాద్‌లో విదేశీ విమానం ఎక్కినవాళ్లు ఉంటే చెప్పండి: వీల్‌చైర్ ప్రయాణికురాలికి రెండు గంటల పది నిమిషాలు సరిపోతాయా?