కాగితం మీద కుట్టే కుందేలు బొంతకు అమ్మమ్మ పాత చీర పనికివస్తుందా?

బొంతల మనవరాలు:
మా చెల్లెలికి వచ్చే నెలలో కాన్పు. పుట్టబోయే బిడ్డకు 30 అంగుళాల చదరంలో ఒక చిన్న బొంత కుట్టి ఇవ్వాలని, దాని నడుమ పేపర్ పీసింగ్ పద్ధతిలో ఒక కుందేలు రావాలని అనుకుంటున్నాను. ఈ పని చూడనివారి కోసం చెబుతున్నాను: బొమ్మ గీతలను కాగితం మీద ముద్రించుకుని, బట్టముక్కలను కాగితానికి వెనుకవైపు ఉంచి, ముందువైపు కనిపించే గీతల మీదుగా అంకెల వరుసలో ఒక్కొక్క ముక్కనూ మిషను మీద కుట్టుకుంటూ పోయి, చివరకు కాగితాన్ని చింపి తీసేస్తారు. కుందేలు కోసం మా అమ్మమ్మ 20 ఏళ్లు కట్టిన మీగడ రంగు మంగళగిరి నూలు చీరను కత్తిరించాలని నా కోరిక. పసిబిడ్డ ఒంటికి పాతబట్టే మంచిదని అమ్మ కూడా అంటోంది. నాకు ఈ కుట్టు నేర్పిన స్నేహితురాలు మాత్రం ఆ చీర దీనికి ఆగదని తేల్చి చెప్పింది. కుట్టి చూసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

సూదీదారం:
మీ స్నేహితురాలి మాటే సరైనది. మామూలు కుట్టుకు మిషనులో పొడవు 2.5 మిల్లీమీటర్లు పెట్టుకుంటాం. ఇక్కడ కాగితం తేలిగ్గా చిరగడానికి దాన్ని 1.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తాం, అంటే అంగుళానికి సుమారు 17 సార్లు సూది దిగుతుంది, పైగా చాలామంది 90 నంబరు లావు సూదినే వాడతారు. కొత్త బట్ట దీన్ని తట్టుకుంటుంది. ఏళ్ల తరబడి బండకు బాది, ఎండలో ఆరేసిన నూలు తట్టుకోదు. మా నాన్నగారి పాత పంచెతో నేను పిల్లి బొమ్మ బొంత ఒకటి కుట్టి మేనల్లుడికి ఇచ్చాను. రెండో ఉతుకుకే పిల్లి చెవి కుట్టు వెంబడి, తపాలా బిళ్లను చించినట్లు, తిన్నగా ఊడివచ్చింది. ఆ పంచె మళ్లీ దొరకదు కనుక ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మన ఇళ్లలో పాత చీరల బొంతలు ఏళ్లకేళ్లు నిలిచాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ నాలుగైదు చీరలను పొరలుగా పరచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చేత్తో దగ్గరదగ్గరగా కుట్లు వేస్తారు కనుక లాగుడును పొరలన్నీ పంచుకుంటాయి. పేపర్ పీసింగ్‌లో ఆ భారమంతా పావు అంగుళం కుట్టు మార్జిన్ మీదే పడుతుంది.

పాతచీరల పెట్టె:
సూదీదారం గారూ, మీ నష్టం చిన్నది కాదు, కానీ తప్పు పంచెది కాదని నా నమ్మకం. బట్టను ఎక్కువగా దెబ్బతీసేది కాగితాన్ని చింపేటప్పుడు పడే లాగుడు. కాగితం బదులు పలుచని మల్లు గుడ్డ మీద గీతలు దిద్దుకుని కుడితే చింపే పనే ఉండదు. ఆ గుడ్డ లోపలే ఉండిపోయి పాతబట్టకు ఆసరా అవుతుంది, కుట్టును కూడా 2.5 దగ్గరే ఉంచుకోవచ్చు. అమెరికాలో 19వ శతాబ్దపు క్రేజీ క్విల్టులను, అంటే ఆకారం కుదరని ముక్కలను అతికిన బొంతలను, ఇలా గుడ్డ పునాది మీదే కుట్టారు.

చీర అంతా ఒకేలా నలగదు. కూర్చునే చోటు, కుచ్చిళ్ల అడుగు ముందుగా పోతాయి. చీరను వెలుగుకు ఎత్తి చూసి, రెండు బొటనవేళ్లతో ఐమూలగా లాగి, పోగులు విడిపోని చోటును మాత్రమే తీసుకోండి. దానికి చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతే కత్తెర వేయండి. గంజి లేకుండా కత్తిరిస్తే చేనేత బట్ట అంచులు పీచులు పీచులుగా లేచిపోతాయి.

బెంగాల్‌లో కాంథా బొంతలు, బీహార్‌లో సుజనీ బొంతలు పాత చీరలు, పంచెలతోనే పుట్టాయి. మన పల్లెల్లోనూ పురిటిబిడ్డను పాతచీర మడతల్లోనే పడుకోబెట్టారు. కొత్తబట్ట ఎవరైనా కొని ఇవ్వగలరు. ముత్తవ్వ కట్టిన చీర ఈ బిడ్డకు ఈ ఇంట్లోనే దొరుకుతుంది.

గంజిచుక్క:
వాడకం గురించి ఒక్క మాట. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే చోట బొంతలు, మెత్తని పరుపుబట్టలు ఉంచకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, పెద్దల కళ్లెదుట నేల మీద పరచడానికే ఈ బొంతను ఇవ్వండి, ఆ సంగతి మీ చెల్లెలికి ముందుగానే చెప్పండి.

సూదీదారం:
మల్లు గుడ్డ ఆలోచన మంచిదని ఒప్పుకుంటున్నాను. అయితే అది కుట్టును కాపాడినంతగా కుట్టుకూ కుట్టుకూ మధ్యనున్న బట్టను కాపాడలేదు. అందుకే కుందేలు మీదుగా అర అంగుళానికొక వరుస చొప్పున చేత్తో కుట్లు వేయాలి. చెవుల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. చెవి కొన దగ్గర నాలుగైదు మడతలు ఒకే చోట కలుస్తాయి, వాటికి మల్లు గుడ్డ కూడా తోడైతే ఆ ముడి చేతికి గట్టిగా తగులుతుంది, పైనున్న పాత పోగులు అక్కడే తెగుతాయి. చీరను వెనుకబట్టగా ఒకే ముక్కలో వేసి, ఆ వైపు పైకి వచ్చేలా నేల మీద పరిస్తే బిడ్డ ఒంటికి తగిలేది అమ్మమ్మ చీరే అవుతుంది. కుందేలును కొత్తబట్టతోనే కుట్టుకోవచ్చు.

పాతచీరల పెట్టె:
అలాగైతే బిడ్డ కుందేలును చూసేదెప్పుడు? బోర్లా పడుకున్న బిడ్డ కళ్ల ముందు ఉండాల్సింది ఆ బొమ్మే.

బొంతల మనవరాలు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న పమిట వైపు గట్టిగా ఉన్న జానెడు ముక్కకు గంజి పెట్టి, ఒక చెవిని కాగితం మీద, ఇంకొక చెవిని మల్లు గుడ్డ మీద కుట్టి చూశాను. కుట్టు పక్కన గోరు అదిమి పట్టుకుని ఎంత మెల్లగా చింపినా, కాగితం చెవి కొన దగ్గర మూడు పోగులు పక్కకు జరిగి, వాటి సందులోంచి తెల్లదారం కనిపించింది. మల్లు గుడ్డ మీది చెవి చెదరలేదు, కానీ సూదీదారం గారు చెప్పిన ముడి వేలికి గింజలా తగులుతోంది. అందువల్ల ఒంటిని, ముఖాన్ని అమ్మమ్మ చీరతో మల్లు గుడ్డ మీద కుడుతున్నాను. చెవులకు అదే మీగడ రంగులో కొత్త మంగళగిరి బట్ట అర మీటరు తెచ్చి నీళ్లలో నానబెట్టాను. వెనుకవైపుకు మిగిలిన చీర సరిపోతుంది.