తోలు మందమైతే మంచిదా, చెడ్డదా?

లాడ్జి ఉద్యోగి, తిరుపతి: బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్ పని నాది. బ్రహ్మోత్సవాల రద్దీలో గది దొరకనివారు నోటికొచ్చినట్టు తిడతారు. రాత్రి నిద్ర పట్టదు. "తోలు మందం చేసుకోవయ్యా" అంటారు మా మేనేజరు. అందరూ తిట్టే గుణాన్ని నేను నేర్చుకోవాలా?

చిత్తూరు మాస్టారు: వద్దు నాయనా. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉండేవాళ్లు ఇప్పటికే ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. అర్జీ పట్టుకుని నిలబడ్డ ముసలావిడ గొంతు వినబడనిది వాళ్లకే.

పలమనేరు రైతు: మాస్టారూ, పాపం దున్నపోతు ఏం చేసింది? తోలు మందమే గాని దానికి చెమట గ్రంథులు తక్కువ. ఎండకు ఓర్చుకోలేకే మడుగు వదలదు. కౌండిన్య అడవి నుంచి మా పొలాల్లో పడే ఏనుగులదీ అంతే. తోలు కొన్నిచోట్ల రెండున్నర సెంటీమీటర్ల మందం, అయినా ఈగ వాలితే తెలుస్తుంది.

పాదాలకు కట్లు కట్టే నర్సు: రైతుగారి మాట నిజం. మన ఒంట్లో చర్మం పైపొర కనురెప్ప మీద 0.05 మిల్లీమీటర్లు, అరచేతిలో, అరికాలిలో దాదాపు 1.5. అంత మందంగా ఉన్న వేలికొసలతోనే చూపులేనివారు బ్రెయిలీ చదువుతారు. అలిపిరి మెట్లు 3,550 చెప్పుల్లేకుండా ఎక్కేవారి పాదాలు గట్టిపడతాయి, గులకరాయి గుచ్చుకుంటే మాత్రం తెలుస్తూనే ఉంటుంది. నేను భయపడేది షుగరు ముదిరి నరాలు దెబ్బతిన్న పాదానికి. మేకు దిగినా తెలియదు. గట్టిపడిన చర్మం కిందే పుండు పెరుగుతుంది, చీము కారితే గాని మా దగ్గరికి రారు. కాబట్టి తమ్ముడూ, తిట్టు తగలకపోతే మేలే. చంటిబిడ్డతో వచ్చినవారికి గది లేదని చెప్పేటప్పుడు కూడా ఏమీ అనిపించకపోతే మాత్రం జాగ్రత్తపడు.

చిత్తూరు మాస్టారు: ఒంటి సంగతి ఒప్పుకుంటానమ్మా. మనసులో తోలు గట్టిపడిందో నరమే చచ్చిందో ఎవరు చెప్పాలి? మీ రోగికి తెలియనట్టే వీడికీ తెలియదు.

నర్సు: అందుకే రోగిని కళ్లు మూసుకోమని, పాదానికి సన్నని నైలాన్ పోగు ఆనించి, తగిలిందా అని అడుగుతాం. ఇతని సంగతి ఇంట్లోవాళ్లను అడగాలి.

పలమనేరు రైతు: అదంతా సరే బాబూ, గదులు నిండాయని గుమ్మం ముందు బోర్డు పెడితే సగం తిట్లు తప్పవా?

లాడ్జి ఉద్యోగి: అడిగాను సార్. బోర్డు పెడితే లాడ్జికి గిరాకీ పోతుందట. "తిట్లెలాగూ నీకే కదా" అన్నారు మేనేజరు.