పాలు కారే జెముడు కాక్టస్ కుటుంబానిదేనా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
కడియం వైపు ఒక నర్సరీలో కాక్టస్ పేరుతోనే రెండు మొక్కలు కొన్నాను. రెండింటికీ ఆకులు లేవు, కండగల కాండం, నిండా ముళ్లు. కొమ్మ కత్తిరిస్తే ఒకదాని నుంచి చిక్కటి పాలు కారాయి, రెండోదాని నుంచి జిగట నీరు మాత్రమే వచ్చింది. ఇవి ఒకే కుటుంబానివా? పూత లేనప్పుడు ఏ లక్షణాన్ని నమ్ముకోవాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కాకినాడ, వృక్షశాస్త్రం బోధిస్తాను):
పాలు కారినది బహుశా యుఫోర్బియా, అంటే మన బొంతజెముడుకు దగ్గర చుట్టం. అయితే మామిల్లేరియా వంటి అసలైన కాక్టస్‌లలో కొన్నింటికీ పాలుంటాయి కాబట్టి ఆ ఒక్క గుర్తుతో తేల్చకండి. ముల్లు మొదలును భూతద్దంతో చూడండి. కాక్టస్ ముళ్లు ఏరియోల్ అనే, నూగు నిండిన చిన్న దిండు లాంటి భాగం నుంచి పుడతాయి. అది నిజానికి కుదించుకుపోయిన పక్కకొమ్మ. ముళ్లు దాని మీద రూపు మారిన ఆకులు. అందుకే పిలకలు, చాలా జాతుల్లో పూలు కూడా అక్కడి నుంచే వస్తాయి. యుఫోర్బియాకు ఏరియోల్ ఉండదు. బొంతజెముడు వంటి వాటికి ముళ్లు జంటలుగా ఉంటాయి. కాక్టస్ కుటుంబాన్ని ఏరియోల్ అంత నిక్కచ్చిగా పట్టిచ్చే లక్షణం మరొకటి లేదని నా అభిప్రాయం.

జవాబు (నరసాపురం నుంచి):
పూత వస్తే అనుమానమే ఉండదు. తీరపు ఇసుక దిబ్బల మీది నాగజెముడునే చూడండి. దాని పసుపు పువ్వులో రక్షకపత్రాలు ఎక్కడ ముగిసి రేకులు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేము, కేసరాలు లెక్కలేనన్ని ఉంటాయి, అండాశయం కాండపు కండలోనే కూరుకుపోయి ఉంటుంది కనుకే పండు తోలు మీద కూడా ఏరియోల్‌లు కనిపిస్తాయి. ఆకుల్లా కనిపించే పచ్చని పలకలు కాండమే. అసలు ఆకులు లేత పలక మీద చిన్న కొమ్ముల్లా మొలిచి త్వరలోనే రాలిపోతాయి. పండు కోసేవారు పెద్ద ముళ్లకన్నా గ్లోకిడ్‌లనే సన్నని నూగుముళ్లకు భయపడాలి. వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. అన్నట్టు, నాగజెముడు మన నేలది కాదు. ఈ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. రిప్సాలిస్ బాక్సిఫెరా అనే కాక్టస్ ఒక్కటే ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. పాలు లేనిదానికి నూగు దిండ్లు, పాలు కారినదానికి జంట ముళ్లు స్పష్టంగా ఉన్నాయి. మన వానాకాలంలో రెండింటికీ ఒకే సంరక్షణ సరిపోతుందా?

జవాబు (కాకినాడ):
సరిపోతుంది. కాక్టస్‌లు రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు రంధ్రాలు మూసుకొనే ఆహారం తయారుచేసుకుంటాయి. కండగల యుఫోర్బియాలు చాలావరకు అదే పద్ధతిని అనుసరిస్తాయి. ఇలా నీటిని పొదుపుగా వాడే మొక్కలకు డెల్టా ఒండ్రుమట్టిలో నిలిచే తేమ వేరుకుళ్లు తెస్తుంది. ముతక ఇసుక ఎక్కువగా కలిపి, వానలు తగ్గేదాకా చూరు కింద, వెలుతురు తగిలేచోట ఉంచండి. యుఫోర్బియా పాలు మాత్రం కంట్లో పడనీయకండి; పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి వైద్యుడికి చూపించండి.