సివిల్ కోర్టు వాయిదాలపై సూచనలు: నెల్లూరు, ప్రకాశం లాయర్లు కాస్త చెప్తారా?

అందరికీ నమస్కారం. కావలిలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా పొలం గట్ల తగాదాలు, ప్రామిసరీ నోటు దావాలే. సివిల్ కోర్టు పద్ధతుల్లో మార్పులు కోరుతూ హైకోర్టుకు ఒక కాగితం పంపాలని మా సీనియర్లు అనుకున్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ కింద ఆ రూల్సు మార్చే అధికారం హైకోర్టుకు ఉంది కదా. రాసే పని మాత్రం నా నెత్తిన పడింది.

మొదటి అంశం దగ్గరే ఆగిపోయాను. రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది ఇచ్చే రాతపూర్వక జవాబు) 30 రోజుల్లో, మహా అయితే 90 రోజుల్లో వేయాలని అదే కోడ్‌లోని ఆర్డర్ 8 రూల్ 1 చెబుతుంది. అరుదైన కేసుల్లో ఆ గడువు దాటినా తీసుకోవచ్చని 2005లో సేలం బార్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ 'అరుదు' ఇక్కడ రోజూ చూసేదే అయింది. అందుకే 90 దాటితే ఖర్చులు కట్టాల్సిందేనని ముసాయిదాలో రాశాం. సబబే అనిపిస్తుంది. కానీ మెట్ట మండలాల నుంచి రెండు బస్సులు మారి వచ్చే రైతు గుర్తొస్తే చెయ్యి ఆడటం లేదు. అడంగల్ (పొలం సాగు రికార్డు) నకలు చేతికొచ్చేసరికే సగం గడువు పోతుంది. వాళ్లకు మినహాయింపు ఎలా రాయాలి?

ఒక పక్షానికి మూడు వాయిదాలే అనే నియమం ఎప్పటి నుంచో ఉంది, లెక్కపెట్టేవాళ్లే లేరు (నేనూ అడిగాను లెండి, నాలుగోది).

ఒంగోలు, కందుకూరు, ఆత్మకూరు వాళ్లు ఇంకొకటి చెప్పండి: సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌కు అడ్వకేట్ కమిషనర్‌ను (ఆ పనికి కోర్టు నియమించే లాయరును) పెడితే మీ దగ్గర ఫీజు ఎవరు భరిస్తున్నారు?

ఆదివారం లోపు చెబితే సోమవారం టైపుకిస్తాను.